రిమార్కుల గడి

ముగ్గురు కమిషనర్లు మారినారు,
నేను మారలేదు.
చిత్తూరు కార్పొరేషన్ మేడమీద
పాత జనన మరణాల గదిలో
పద్నాలుగు నెలల పని అన్నది
ముప్పై ఒకటో నెల నడుస్తా ఉంది.

గోడ మీద నా చార్టులో
పచ్చ పట్టీలు పసుపై, పసుపు ఎరుపై,
కిటికీ కింద గుజ్జు ఫ్యాక్టరీకి పోయే లారీల్లో
మామిడికాయలూ అదే వరసలో మాగుతాయి.
వాటికి మాత్రం గడువు తప్పదు.

ఇంటి పన్ను, కొళాయి కనెక్షను,
ప్లాను అనుమతి, పెంపుడు కుక్క లైసెన్సు.
పదహారు మాడ్యూళ్ళు.
ఒకటి కదిలిస్తే తక్కినవన్నీ ములుగుతాయి,
ఉమ్మడి కాపురంలో పొయ్యి జరిపినట్టు.

మొదటి కమిషనరు అంతా ఫోన్లో కనిపించాలన్నాడు.
రెండో ఆయన ఫోను ఎందుకన్నాడు.
మూడో ఆమె కుర్చీలో కూర్చోకముందే అడిగింది:
"కరెంటు పోతే?"
ముప్పై నెలల్లో నేను విన్న
తెలివైన ప్రశ్న అదొక్కటే.

మా కంపెనీ పెద్దాయన సోమవారం సోమవారం ఫోను.
"ఎంత శాతం అయింది?"
తొంభై అంటాను.
పోయిన ఉగాదికీ తొంభయ్యే.
మిగిలిన పది శాతం పేరు ఏకాంబరం.

రెవెన్యూ సెక్షన్లో రికార్డు అసిస్టెంటు.
ముప్పై నాలుగేళ్ళ రిజిస్టర్లు ఆయన బీరువాలో,
బీరువా తాళం ఆయన మొలతాడుకు.
రోజుకు ఒక్కటే ఇస్తాడు.
సాయంత్రం పుటలు లెక్కపెట్టి తీసుకుంటాడు,
బడినుంచి వచ్చిన బిడ్డ మోకాళ్ళు చూసినట్టు.
రిస్కుల పట్టికలో రాసుకున్నాను:
"ఏకాంబరం. తీవ్రత: ఎక్కువ."

సంతపేట రిజిస్టరు స్కాన్ చేస్తా చేస్తా
నఫీసా పిలిచింది.
"అక్కా, ఈ గడి ఎక్కడ పెట్టేది?"

చివరి గడి. పెన్సిలు రాత, చీమల బారు.

మొగుడు పోయినాడు. మార్చి దాకా అడగొద్దు.

డోరు నంబరు ఒకటే, పొయ్యిలు మూడు.
అన్నదమ్ములకు మాటల్లేవు. నోటీసు మూడు చోట్ల ఇయ్యి.

ఈ ఇల్లు లేదు. నీవా ఏరు కొట్టకపోయింది.
పన్ను ఇంకా పడతా ఉంది. నాలుగుసార్లు రాసినాను.

కుక్క ఉంది. మంచిదే.

మా డేటాబేసుకు యజమాని ఒక్కడే.
పేరు ఖాళీగా వదిలితే ఒప్పుకోదు,
రెండు పేర్లిస్తే ఒప్పుకోదు.
ఏట్లో పోయిన ఇంటిని
పోయిందని చెప్పేదానికి దారే లేదు.
స్పెసిఫికేషను మూడొందల పన్నెండు పేజీలు.
రాసింది నేనే.

"ఎవరెవర్ని అడిగి రాసినావమ్మా?"
"అధికారుల్ని."
"వాళ్ళు వీధి చూసేది కారద్దంలోనుంచి గదా"
అన్నాడు ఏకాంబరం, కోపం లేకుండా,
టీ గ్లాసు నా వైపు జరుపుతా.

మార్పు కోరుతూ అర్జీ పెట్టినాను: ఒక గడి.
ఎన్నాళ్ళు పడుతుంది అనింది మూడో ఆమె.
పదకొండు రోజులు.
ఇంకో పట్టీ ఎర్రబారింది.
ఆమె సంతకం చేసింది.

మొదలుపెట్టిన రోజు కరెంటు పోయింది, వచ్చింది.
గిరింపేట బిల్లు కలెక్టరు ఢిల్లీబాబు
పాస్‌వర్డు అరిచేతిలో రాసుకోని
చేతులు కడుక్కోని వచ్చినాడు.
ఏకాంబరం మాత్రం రెండు వేళ్ళతో
అర్ధగంట కొట్టి
పూతలపట్టు బస్సుకు లేచిపోయినాడు.

చీకటి పడినాక ఎంట్రీలు సరిచూస్తా ఉంటే
మా ఆఫీసు బిల్డింగే కనబడింది.
పన్ను: మినహాయింపు.
పక్కన రిమార్కుల గడిలో:

మేడమీద గదిలో ఒకామె ఉంటాది.
రాత్రి తొమ్మిదైనా లైటు ఆర్పదు.
తొందర

అంతే.
అరవై నాలుగు అక్షరాలు చాలనుకున్నాను నేను.
గుడికి ఒకటి, కొమ్ముకు ఒకటి, ఒత్తుకు రెండు
లెక్కేసుకుంటుందని గుర్తు లేదు.
తొందర పెట్టమన్నాడో, పెట్టొద్దన్నాడో,
ఆయనకే తొందరయిందో.

లోపం నంబరు పదకొండొందల ఏడు:
మాట మధ్యలో తెగుతా ఉంది.
తీవ్రత: ఎక్కువ.
బాధ్యత: నాది.