పాత పరుపు

మూడు లాంతర్ల దగ్గర ఎవరిదో పాత ఇల్లు ఖాళీ చేశార్ట,
పరుపు తెచ్చి నా ముందు పడేశారు.
కుట్లు విప్పి చెయ్యి పెట్టాను.
దూది కాదు, గడ్డ.

పుట్టుకతో ఇలా లేదు బావూ ఇది.
ఏ దూదీ పుట్టుకతో గట్టిది కాదు.
దీనిమీద ఎవరు పడుకున్నారో అడగాలి,
ఎన్నాళ్లు పడుకున్నారో,
ఎండ చూపించకుండా ఎన్ని వానలు గడిపేరో.

మా తమ్ముడి కొడుకు మస్తానయ్యని ఎరుగుదువు కదా.
సిరిమాను నాడు నా భుజాలెక్కి
గురిచూసి అరటిపండు విసిరిన గుంటడు.
జూట్ మిల్లుకి తాళం పడిన ఏడాది
వాళ్లమ్మ నల్లపూసల గొలుసు అమ్మి ఎడారికి పంపేం.
గదిలో పదకొండుమంది. పాస్‌పోర్టు సేటు బీరువాలో.
మూడేళ్లలో వాణ్ణి "తిన్నావా" అని అడిగిన మొదటి మనిషి
వాడి చేతిలో ఒక పుస్తకం పెట్టాడు.
ఊరికే. అట్ట మీద బంగారు అక్షరాలు.

ఆ బంగారం ఏ నూనెబావిలోంచి వచ్చిందో!
నాకు చదువు రాదు, రేడియో వింటాను.
దొరలు పోతూ పోతూ గీసిన గీతలు
ఇళ్ల నడిమింట్లోంచి పోయాయట.
నోరెత్తినవాణ్ణల్లా సొంత రాజులే జైల్లో పెడితే
నోరెత్తడానికి మసీదు అరుగొక్కటే మిగిలిందట.
రెండు పెద్ద రాజ్యాలు తమ కొట్లాటకి
మూడోవాడి కొండల్ని అద్దెకి తీసుకుని
పని అయ్యాక
తుపాకులు లెక్కెట్టుకోకుండానే వెళ్లిపోయాయట.
ఒకరి తరవాత ఒకరు
పడుకుంటూనే ఉన్నారు పరుపు మీద.

మస్తానయ్య తిరిగొచ్చాడు.
"పెదనాయనా, పీర్ల చావిడికి పోకు.
దర్గాలో దారం కట్టకు.
నా పేరు చివర ఆ 'అయ్య' తీసెయ్."
నా విల్లు కేసి కూడా అదోలా చూశాడు,
నారి మోగడం పాటకిందికి వస్తుందేమోనని.

ఆ నెల్లోనే ఎక్కడో దూరపు ఊళ్లో బాంబు పేలింది.
పోలీసులొచ్చి వాడి పెట్టె తిరగేశారు,
బూబమ్మ బియ్యం డబ్బాలో మోచేతిదాకా చెయ్యి పెట్టారు.
ఏమీ లేదు.
పోతూ పోతూ ఒకడు, "మీవాళ్లంతా ఇంతేరా" అన్నాడు.
ఆ రాత్రి పక్క చాపమీద వాడు
ఇంకొంచెం గట్టిపడడం
చీకట్లో నాకు వినిపించింది.

అలాగని వెనకేసుకు రాను.
ఆ మిల్లు మూతకి నేనూ పస్తున్నాను.
నా చేతిలోనూ విల్లుంది, బాణమే లేదు.
బాంబు పెట్టినవాడి చెయ్యి వాడిదే,
చరిత్రది కాదు.
కానీ గడ్డని కర్రతో బాదితే
విడిపోదు బావూ, ఇంకా బిగుస్తుంది.
నారి ఆనించాలి. వణికించాలి.
ఒక్కో పోగూ తనంతట తాను ఊడి రావాలి.
ఎంత సేపు పడుతుందంటే చెప్పలేను.

గదంతా తెల్లటి దుమ్ము.
గుమ్మంలో నిలబడి చాలాసేపు చూశాడు మస్తానయ్య.
"మూతికి గుడ్డ కట్టుకో పెదనాయనా,
దగ్గొస్తాది" అన్నాడు,
పాత గొంతుతో.

నేను తల ఎత్తలేదు.
ఇంకా సగం పరుపు ఉంది.