తీసేసిన చప్పుడు

ముందు టేపును ఆరబెట్టాలి.
పళ్లు ఎండబెట్టే పెట్టెలో, యాభై నాలుగు డిగ్రీల దగ్గర,
ఎనిమిది గంటలు, వడియాల్లా,
మధ్యలో ఒకసారి తిరగేస్తూ.
లేకపోతే నలభై అయిదేళ్ల జిగురు
యంత్రానికి అంటుకుని
పాట పొట్టుపొట్టుగా రాలిపోతుంది.

గ్రిమ్స్‌బీ రేవులో, చేపలకు పొగపెట్టే కొట్టు మేడ మీద
ఐదుగురు కుర్రాళ్లు ఒక చలికాలమంతా వాయించినవి.
డబ్బా మీద నీలి సిరా: డెమో. పారెయ్యొద్దు. డెస్.
డెస్ అంటే డెస్మండ్ ఆక్స్‌టోబీ, డ్రమ్ములు.
అరవై ఎనిమిదేళ్లిప్పుడు. ఎడమ చెవిలో మిషను.
నా గదిలో కోటు విప్పకుండా కూర్చున్నాడు,
పన్ను పీకించుకోడానికి వచ్చినట్టు.

మొదట వినబడింది కరెంటు గుర్రు.
అందరూ దాన్ని చంపేస్తారు. నేను దాన్ని సాక్ష్యం అడుగుతాను.
ఈ దేశంలో కరెంటు సెకనుకు యాభైసార్లు ఊగుతుంది,
అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే.
టేపులో మాత్రం యాభై రెండు.
అంటే ఆనాటి రికార్డరు బద్ధకంగా తిరిగింది,
అందుకే గొంతులు కాస్త కీచుగా, పాటలు కాస్త కంగారుగా.
గుర్రును యాభైకి దించాను.
పాట భుజాలు దించుకుంది.
డెస్ పై బొత్తాం విప్పాడు.

తర్వాత, బుస.
దాన్ని తీసేస్తే పాట బయటికొచ్చింది
తలంటు పోసి కూర్చోబెట్టిన పిల్లాడిలా:
ముక్కూ మొహం తెలుస్తున్నాయి, అల్లరి పోయింది.

నాకో అలవాటు.
తీసినదాన్ని పారేసేముందు ఒకసారి వింటాను,
చెరిగాక చాటకింద నూకల కోసం వెతికినట్టు.
మీట నొక్కాను.
బుస. రేకుల మీద వాన.
కింద పొగగది తలుపు.
సింబల్ అంచు నుంచి రాలిన పొడి.
వాటన్నిటి అడుగున, మైకుకి ఎడంగా,
పెదవులు విప్పకుండా ఎవరో
ఆ పాటకే ఇంకో వరసలో కూనిరాగం.

డెస్ చెయ్యెత్తాడు.
ఆపమనో పెంచమనో అర్థం కాలేదు. పెంచాను.
"నెవిల్," అన్నాడు. "బేస్ వాయించేవాడు.
శ్రుతి నిలవదని వాడికి మైకు ఇవ్వలేదు మేం."
ఇంకాసేపు విన్నాడు.
"ఇప్పటికీ నిలవలేదు."
నవ్వబోయి చెవి మీద అరచెయ్యి వేసుకుంటే
లోపలి మిషను కీచుమంది.

నెవిల్ ఎక్కడని నేనడగలేదు.
డబ్బాలోని కాగితం మీద పేర్లు ఐదు,
ఫోన్ నంబర్లు నాలుగు.

వెళ్తూ గుమ్మంలో ఆగాడు.
"వాడి శ్రుతి మాత్రం సరిచెయ్యకు.
వాడికి తెలిసిపోతుంది."

ఆ రాత్రి బుసను గుప్పెడు గుప్పెడుగా తిరిగి కలిపాను.
ఎక్కువైతే వాన మింగేస్తోంది,
తక్కువైతే నెవిల్ లేడు.
తెల్లవారుజామున మూడింటికి ఓ చోట కుదిరింది,
ఎలా అంటే చెప్పలేను.

పాట గొప్పదా అంటే, కాదు.
మూడో చరణం దొరక్క మొదటిదే మళ్లీ పాడేశారు.
కానీ రెండో నిమిషంలో ఓ చోట
ఐదుగురూ ఒక్కసారే తాళం తప్పి,
ఎవరూ ఎవర్నీ పిలవకుండానే
ఒక్కసారే మళ్లీ దొరకబుచ్చుకుంటారు.

అక్కడ నేను చెయ్యి పెట్టలేదు.