పుట్టనివాళ్ల కుర్చీ

కార్పొరేషన్ హాల్లో నూట పద్నాలుగో కుర్చీ
పుట్టనివాళ్లది.
ఆర్నెల్లకోసారి చీటీ తీస్తారు.
ఎవరి పేరొస్తే వాళ్లు వందేళ్ల తర్వాతి మనిషిగా
కూర్చోవాలి, మాట్లాడాలి.
ఆ కుర్చీ వద్దంటే ఫైలు ఆగిపోతుంది. చట్టం అలా ఉంది.

ఈసారి చీటీలో అర్జిల్లి అసిరమ్మ.
పెదజాలరిపేట, ఎండుచేపల బేరం.
వయసు దగ్గర "తుపానొచ్చిన ఏడు పుట్టినాను" అంది.
ఏ తుపాను, అని యంత్రం అడిగింది.
"ఏదైతే ఏటి బావూ, అన్నీ మా ఇంటికే వొచ్చినాయి."

నేను మినిట్స్ గుమాస్తాని. కాంట్రాక్టు.
రాసేది యంత్రమే, దిద్దడం నా పని.
ఆమె "ఏటి" అంటే అది "ఏమిటి" అని రాస్తుంది.
నేను మళ్లీ "ఏటి" చేస్తాను.
ఆ ఆర్నెల్లూ మా ఇద్దరికీ అదే గొడవ.

ఫైలు సముద్రపు గోడ గురించి.
బీచి రోడ్డు మునిగి చాన్నాళ్లయింది.
ఒడ్డున బొమ్మలా నిలబెట్టిన సబ్‌మెరైను
మళ్లీ నీళ్లలోకి దిగి
అలవాటు తప్పినట్టు పక్కకి ఒరిగింది.
లెక్క తేలింది: డాల్ఫిన్స్ నోస్ నుంచి రుషికొండ దాకా
నలభై అడుగుల గోడ.
హోటళ్లు లోపల.
జాలరిపేట బయట.
"పుట్టబోయే పది లక్షలమంది తరఫున" అని
మొదటి పేజీలోనే రాసుకుంది యంత్రం,
వాళ్లొచ్చి సంతకాలు పెట్టి వెళ్లినట్టు.

మూడు నెలలు అసిరమ్మ నోరు విప్పలేదు.
కన్సల్టెంటు కుర్రాడు రాసిచ్చిన ప్రసంగం
నాలుగు మడతలేసి విసురుకుంటూ కూర్చుంది.
కమిషనరుగారే అడిగారు చివరికి,
"భవిష్యత్తు ఏమంటోందమ్మా?"

"ఆళ్లింకా కడుపున పడ్నేదు కదేటి, నానెలాగ సెప్తాను?
నాను మాయమ్మ కడుపుల ఉన్నప్పుడు
మా తాత పోర్టోళ్లకి బూమి రాసిచ్చీసినాడు,
నా మంచికేనంట.
నన్నడిగినాడేటి?"

ఎవరో నవ్వారు.
యంత్రం "నవ్వు" అని రాసింది. ఉంచేశాను.

"గోడ కట్టుకోండి, నానొద్దన్ను.
గానీ ఒగ తలుపెట్టండి దానికి.
పాతికేళ్లకోపాలి అప్పుటోళ్లే వొచ్చి సూసుకుంతారు,
ఉంచాలో తీసీయాలో.
మా పేటకెదురుగుండా ఎట్టండి.
బయట మిగిలినోళ్లం మేవే కదా,
తాళం మాకాడ ఉంతాది."

సవరణ ఏడు. అనుకూలం యాభై తొమ్మిది.
తలుపు గురించి యంత్రానికి తెలిసింది ఖరీదొక్కటే:
మూడొందల కోట్లు, లీకేజీ అదనం.

తలుపు నేనింకా చూడలేదు. టెండర్లలో ఉంది.
తర్వాతి చీటీ ఎంవీపీ కాలనీ ఆడిటరుగారికి తగిలింది.
కూర్చోగానే లేచి
కుర్చీ నెత్తళ్ల కంపు కొడుతోంది, మార్పించమన్నారు.
పుట్టనివాళ్ల నుంచి అలాంటి ఫిర్యాదేదీ
రికార్డులో లేదని రాసి
ఫైలు వెనక్కి పంపాను.