నాలుగు వందల యాభై ఒకటి

పిల్లలు తెచ్చి నా వంటగట్టు మీద పెట్టిన్రు:
లేజర్ టార్చీలు, నాలుగు సెన్సర్లు,
అగ్గిపెట్టెంత బోర్డు,
ఎర్ర పచ్చ బల్బులు కొట్టిన చెక్క.
"సారక్కా, నిరుడు రెండు బండ్లు ఒక్కతీరే వచ్చినయి,
ఇది ఒకనికి గెలుపిచ్చింది, ఇంకొకనికి లడాయి ఇచ్చింది.
జెర సూడు."

నేను ల్యాంపురూముల పనిచేస్త.
దిగేటోళ్లకు దీపమిచ్చి బిళ్ల తీసుకుంట,
ఎక్కొచ్చినంక బిళ్లిచ్చి దీపం తీసుకుంట.
బాపు పోయినంక ఆయన నౌకరి నాకొచ్చిన కాణ్నుంచి
నా లెక్కంత గంటలల్ల, మస్తయితే నిమిషాలల్ల.
వీళ్లకేమో సెకండును వెయ్యి ముక్కలు చేసి
ఏ ముక్క ఎవనిదో చెప్పాల్నట.

మొదటి దొంగ తొందరగనే దొరికింది,
చవుక ఎల్‌డీఆర్. మంచిదే గాని మందగొడి.
వెలుగు తెగిందని దానికి ఎరుకయ్యేసరికి
చక్రం మూరెడు దూరం పోయుంటది.
ఊడబీకి చురుకైన నల్లకన్ను అతికిన.
ఎండ సొరకుండ జానెడు పైపు తొడిగి
లోపల బొగ్గుమసి పూసిన.
మసికి మా దగ్గర కరువా?

రెండోది ప్రోగ్రాముల దాక్కున్నది.
అది గడపగడపకు పోయి
"వచ్చిండా, వచ్చిండా" అని అడుక్కుంట తిరుగుతున్నది.
ఆఖరు గడప కాడ ఉన్నప్పుడు
మొదటి గడపల ఎవడు దూరినా దానికి తెల్వదు.
ఆ తిరుగుడు బందు పెట్టి,
తలుపు తడితే దిగ్గున లేచేటట్టు రాసినం
నేనూ మా అన్న కొడుకు శ్రావణూ.
ఒక రాత్రంత ఒక్క సెమీకోలన్‌కు పోయింది.

ఇగ సరిజూసుడెట్ల? క్వార్టరులకు బండి రాదు.
పంకజ్ ఉయికే పాత బెల్టు బేరింగుల నుంచి
గోళీ ఒకటి ఏరుకొచ్చిండు.
అటక చెక్క కింద ఒక కిరణం,
దానికి సరిగ్గ మీటరు కింద ఇంకొకటి,
నేల మీద మడతేసిన గొంగడి.
వదులుడే.
భూమి గుంజుడుకు పార్టీ లేదు, యూనియన్ లేదు,
ఎవరు వదిలినా మీటరుకు
నాలుగు వందల యాభై ఒక్క మిల్లీసెకండ్లు.

నాలుగు వందల తొంభై.
వైరు మార్చిన. డెబ్బై ఆరు.
పైపు కొంచెం వంకరున్నది, తిప్పిన.
యాభై రెండు.
యాభై ఒకటి. మళ్ల యాభై ఒకటి.
పక్కింటి ధోటే బాయి గోడ మీద గుద్ది
"కాయ్ చాల్లంయ్ రాత్రీ?" అని మొత్తుకున్నది.

"అత్తా, మీటరున్నరకైతే ఎంత?"
పిల్లగాడు ఉత్తగనే అడిగిండు, అటక దిక్కు చూసుకుంట.
మూడో నంబరు గనిల
వంగి పనిచేస్తున్న బాపు వీపుకూ
పైన కప్పుకూ నడుమ మీటరున్నర.
రిపోర్టుల ఉన్నది, మరాఠీల. చదివిన.
క్యాలిక్యులేటరు నా చేతిలనే ఉన్నది.
"గోళీ తియ్యి," అన్న, "ఇంకోసారి ఏద్దాం."

ఆయితారం, రాజురా అవతల
మూతబడ్డ గని డంపర్ల రోడ్డు.
రెండు వందల ఒక్క మీటరు పొడుగున
గని టెలిఫోను కేబులు పరిచినం,
టోపీదీపం బ్యాటరీతో నడిపినం.
మొదలు ఒక మేక గీత దాటింది,
ఎర్రబల్బు వెలిగింది, అందరు నవ్విన్రు,
మేకను ఓడిపోయినట్టు రాసుకున్నరు.

పొద్దు వాలేసరికి శ్రావణ్ ఓడిండు.
పంకజ్ పాత యమహా చేతిల, మూడు వేయోవంతులు.
హెల్మెట్ తియ్యకుండనే నా కాడికొచ్చి
"అత్తా, మిషను కరెక్టేనా?"
"గోళీని అడుగు" అన్న.
మాట్లాడలే. ఇంటిదాక నా బండెనక కూసోలే,
నడుసుకుంటొచ్చిండు.

సోమవారం మొదటి షిఫ్టు.
పర్సుల నుంచి బిళ్లల బుక్కు తీస్తుంటే
గోళీ కౌంటరు మీదికి దొర్లి, అంచు దాటింది.
చెయ్యి చాపిన.
నా చెయ్యి ఆలస్యం.
ఎంతాలస్యమో తెల్వదు, అక్కడ కిరణాలు లేవు.
లైన్ల ఉన్నాయన వంగి ఏరిచ్చి,
దీపం తీసుకొని
బిళ్ల నా చేతుల పెట్టి పోయిండు.