ఇంటికొక ట్యూబు

సుగ్గికి పోయిన లారీలు
ఉగాదికి రెండు రోజుల ముందు కోసిగిలో దిగాయి.
వంటసామాను, ఒక మేకపిల్ల, జ్వరమొచ్చిన ముసలాయన,
కొంగున ముడేసిన మూడు నెలల కూలి.
వాటితో పాటు కంటికి ఆనని ఇంకొకటి కూడా,
చార్జీ ఇవ్వకుండా.

నా రిజిస్టర్లో దానికి గడి లేదు.
టీబీకి ఉంది, మలేరియాకి ఉంది,
బరువు తక్కువ బిడ్డకి ఉంది.
గజ్జికి లేదు.
ఆశా కార్యకర్తని, గడి గీసే అధికారం నాది కాదు.
అట్ట లోపలి వైపు పెన్సిల్‌తో రాసుకుంటున్నాను.

ఉరుకుందమ్మ ఇల్లు. తొమ్మిది మంది. ఒకటే గది.
కంబళ్లు రెండు.
"పగులు బాగుంటాం మహాదేవక్కా, దీపమార్పితే మొదులు.
గుంటూరులో అయితే కాయలు కోసిన చేతుల్తోనే గీరుకుంటాంటిమి.
మంటేదో, నవ్వేదో తెలిసేది కాదు."
నవ్వ అంటే మా దిక్కు దురద.
ఆ మాటకి ఎవరూ నవ్వలేదు.

గుడారంలో ఇరవై మంది వరసగా పడుకునేవాళ్లట,
ఒకరు పక్కకి తిరిగితే వరసంతా తిరగాల.
పురుగుకి ఇంకేం కావాలి?
అది ఎగరలేదు, దూకలేదు.
ఒంటి వెచ్చదనం మీద నడుస్తుంది.
వేళ్ల సందున, చర్మం కింద, సన్నని బాట తవ్వుకుని
అక్కడే గుడ్లు పెడుతుంది.
నెల దాకా సడి ఉండదు.
మాఘంలో పట్టుకున్న చెయ్యి
ఫాల్గుణంలో దురద పెడుతుంది.

"అంతా మురికి వల్లనే" అన్నాడు హెడ్మాస్టరు,
ముక్కుకి కర్చీఫ్ అడ్డం పెట్టుకుని.
సార్, కొళాయి ఎనిమిది దినాలకొకసారి వస్తుంది.
ఇంటికి ఆరు బిందెలు.
తాగాలా, వండాలా, బర్రెకి పెట్టాలా,
కంబళి ఉడకబెట్టాలా?
అడగలేదు.
బయటికొచ్చాక అడిగాను, నా సైకిల్ని.

మందు లేక కాదు.
మెడ నుంచి అరికాలి దాకా రాత్రి పూసుకుని
పొద్దున కడుక్కోవాలి. వారానికి మళ్లీ ఒకసారి.
ఇంటిల్లిపాదీ ఒకే రాత్రి,
గీరుకునేవాళ్లూ, గీరుకోనివాళ్లూ.
ఆసుపత్రిలో ఇచ్చింది ఇంటికొక ట్యూబు.
ఉరుకుందమ్మ చిన్నోడికి పూసింది,
మిగిలింది మొగుడి చేతులకి,
ట్యూబుని చీల్చి లోపలి తడి పెద్దపిల్ల వేళ్లకి.
తనకి వేపాకు నూరుకుంది.
పది దినాలకి చిన్నోడికి మళ్లీ వచ్చింది.
వాడు పడుకునేది అమ్మ పక్కలోనే.

పెద్దపిల్ల బసమ్మ, ఆరో తరగతి.
బడిలో గోడ వారన ఒక్కదాన్నే కూర్చోబెట్టారు.

బడి మూసే వారం
షేకున్‌బీ నా దగ్గరికొచ్చి వేళ్లు చాపింది.
వాళ్ల నాయన దర్జీ. సుగ్గి మొహం చూడని ఇల్లు.
ఎవరి పక్కన పడుకున్నావే?
"ఎవరి పక్కనా లేదు."
ఎవరి బట్టలు తొడుక్కున్నావు?
"లేదు."
చాలాసేపు కాలి బొటనవేలితో నేల గీసింది.
"అన్నం వరసలో బసమ్మ చెయ్యి పట్టుకుంటా.
ఎవ్వరూ దాని వెనక నిలబడరు కదా."

తాకితే అంటదని ట్రైనింగులో చెప్పారు.
పావుగంటైనా పట్టుకోవాలట, చర్మానికి చర్మం.
రోజూ పావుగంట. నెల పొడుగూతా.
అట్ట మీద, సోకిన విధం అని రాసి
పెన్సిల్ ములుకు అరిగినట్టు చూస్తూ కూర్చున్నాను.

ఉరుకుందమ్మ ఇంటికి తొమ్మిది, దర్జీ ఇంటికి అయిదు.
పదిహేను ట్యూబులని రాసిచ్చాను.
కాంపౌండర్ వేళ్లు మడిచి లెక్కపెట్టాడు.
"పద్నాలుగే కదమ్మా. పదిహేనోది ఎవరికి?"

చెయ్యి తిప్పి కౌంటర్ మీద పెట్టాను.

కుర్చీ అడుగు వెనక్కి జరుపుకుని చెప్పాడు,
స్టాకులో ఉన్నవి ఆరని.