ఒక్క వేలితో

వాల్పరైసోలో ఉత్తరాలు పంచేవాళ్ళకి
కొండల పేర్లకంటే మెట్ల లెక్కే బాగా గుర్తు.
మారిపోసాస్ కొండ మీద నా వాటా
పన్నెండు వందల నలభై మెట్లు,
అందులో తొంభైకి కమ్మీ లేదు.
సంచీ ఎప్పుడూ ఎడమ భుజానికే.
ఇరవై రెండేళ్ళూ అంతే.

జూన్‌లో ఒక వాన ఉదయం
పసుపు రేకుల ఇంటి ముందు, పాచి మెట్టు మీద
కూర్చున్నాను. కూర్చోవాలని కాదు.
ఉత్తరాలు తడవలేదు,
ఆ రోజుకి అదొక్కటే నా గొప్ప.

తర్వాత మొదలైంది.
మంచం మీద పక్కకి తిరగాలంటే
ముందు ఊపిరి బిగబట్టాలి, ఆనక ఎవర్నో తిట్టాలి,
ఆనక తిరగాలి.
ఒంటికాలి మీద నిలబడి ప్యాంటు తొడుక్కోవడం
ఎంత పెద్ద విద్యో
యాభై మూడో ఏట తెలిసింది.
కుర్చీలోంచి లేస్తుంటే పిర్ర లోపల
ఎవరో తుప్పు పట్టిన గడియ లాగుతున్నట్టు.
తొడ వెనకాల సలుపు
మోకాలిదాకా వచ్చి ఆగిపోయేది,
ఆ కిందకి దారి తెలియని కొత్త కుర్రాడిలా.

నడుమన్నారు. డిస్కన్నారు.
ఫోటో తీశారు. యాభై దాటిన నడుములన్నింటిలాగే
నాదీ కాస్త అరిగి ఉంది.
దొంగ దొరికాడన్నారు.
పక్కింటి ఓర్తెన్సియా కర్పూరం నూనె మరిగించి
నడుమంతా రుద్దింది, పాపం, చేతులు బొబ్బలెక్కేలా.
పద్నాలుగు నెలలు.
తుంటి మీద కొడితే పళ్ళు రాలాయంటే నవ్వుతాం గానీ
నేను తుంటి మీద పడితే
అందరూ పళ్ళే లెక్కపెట్టారు.
తప్పు చిరునామా రాసిన ఉత్తరం
తిరిగి తిరిగి నా సంచీలోకే వచ్చేది.

ఎవారిస్తో అని, వ్యాయామ వైద్యం చేసే కుర్రాడు,
ఫోటో కవరు విప్పనే లేదు.
"ఎక్కడ? ఒక్క వేలితో చూపించండి" అన్నాడు.

ఒక్క వేలితో.
నా వేలు వెతుక్కోలేదు.
నడుముకి కింద, వెన్నుకి ఎడంగా,
ఆ చిన్న గుంట మీద వాలింది,
ఇన్నాళ్ళూ అక్కడే కాపురమున్నట్టు.

వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు మడిచి
తొడ మీదుగా బరువు దించాడు. అరిచాను.
"మీ నొప్పి ఇదేనా?" ఇదే.
పక్కకి తిప్పి తుంటిని నొక్కాడు. ఇదే.
అయిదు పరీక్షల్లో నాలుగుసార్లు ఇదే.
"ఒక్కసారి అరిస్తే నమ్మేవాణ్ణి కాదు" అన్నాడు.

బల్ల మీది ప్లాస్టిక్ ఎముకలు విడదీసి చూపించాడు.
వెన్ను చివర మేకులా దిగిన త్రికాస్థి,
రెండువైపులా కటి ఎముకలు.
ఆ రెండూ ఆనుకునే చోటు అచ్చంగా చెవి ఆకారం.
పైనుంచి దిగిన బరువంతా రెండు కాళ్ళకీ
అక్కడే పంపకం.
అంటే మా ఆఫీసులో ఉత్తరాలు వేరుచేసే బల్ల!
అది కదిలేది మహా అయితే రెండు మిల్లీమీటర్లట,
తపాలా బిళ్ళ అంచు పన్నంత.

తర్వాతి వారం ఎక్స్‌రేలో చూస్తూ
ఆ కీలులోకి సూది దించారు, తిమ్మిరి మందు.
ఇది మందు కాదు, సాక్ష్యం అన్నారు.
రెండు గంటలు నొప్పి లేదు.
ఆ రెండు గంటల్లో నేనేం చేశానంటే
బస్టాపులో ఒంటికాలి మీద నిలబడి
బూటు విప్పి తొడుక్కున్నాను. మళ్ళీ విప్పాను.
ఒక వీధి కుక్క కూర్చుని చూసింది.
సాయంత్రం నొప్పి తిరిగొస్తే
సిగ్గు లేకుండా సంతోషించాను.
ఇప్పుడు దానికి ఇంటి నంబరుంది.

మిగతాదంతా విసుగు.
పట్టీ నడుముకి కాదు, దానికి కిందగా, తుంటి చుట్టూ.
మోకాళ్ళు రెండూ జతచేసి పక్కకి దొర్లడం.
కాలు మీద కాలు వెయ్యకపోవడం, ఇదే కష్టం.
వెల్లకిలా పడుకుని పిర్రలెత్తి
పదిదాకా లెక్క, రోజూ, వంటింటి నేల మీద.
రెండో పట్టీ అడిగితే ఆఫీసు వాళ్ళు నిబంధన చూపించారు.
నేనే కుట్టుకున్నాను.

పోలేదు. చలి ముదిరితే తలుపు తడుతుంది.
మూడువందలో మెట్టు మీద నిలబడతాను,
ఓడల్ని చూస్తున్నట్టు నటిస్తాను.

నిన్న దొరోతెయో ముసలాయన
పింఛను కాగితం అందుకుంటూ
అరచెయ్యంతా తుంటికి ఆనించి మూలిగాడు.
"ఒక్క వేలితో చూపించు" అన్నాను.
ఆయన వేలు చాలాసేపు వెతికింది.
పైన మబ్బు పట్టింది.
ఇంకా ఎనభై ఇళ్ళున్నాయి.
నిలబడ్డాను.