తాగని మందు

రోజుకి ఎంత తాగుతావు, అన్నాడు డాక్టరు
కాగితం మీంచి తలెత్తకుండానే.
తాగనన్నాను.
కొంచెం కూడా? పండగలకి? మీ ఆయనతో?
ఆయన పోయి పదకొండేళ్లు.
చల్లటి నీళ్లలో మాతే ఆకు, అంతే,
మా పరాగ్వే వాళ్లం ఎండలో తాగేది.
కాలేయం అలా అనట్లేదమ్మా, అన్నాడు.

నా కాలేయం నా మీదే చాడీ చెప్పింది.

బ్యూనస్ ఐరిస్‌లో, బోయెదో పేట మలుపులో
అరకాకి గారి డ్రైక్లీనింగు కొట్టు.
ఓకినావా నుంచి ఓడలో వచ్చిన వాళ్ల నాన్న పెట్టింది.
పందొమ్మిదేళ్లుగా ఇస్త్రీ బల్ల నాది.
మిషను తలుపు తీసినప్పుడల్లా
తియ్యటి వాసన, వెచ్చగా, మొహమ్మీదికి.
మొదటి వారం తల తిరిగింది.
అలవాటవుతుంది నిల్దా, అన్నాడాయన.
అయింది.
ముక్కు మరిచిపోయింది.
లోపల ఎవరో పద్దు రాస్తూనే ఉన్నారు.

నీళ్లు తగలని ఉతుకు మాది.
పెళ్లిగౌనుకి లిప్‌స్టిక్,
టాంగో ఆడే ముసలాయన కాలరుకి తలనూనె,
ఏ జిడ్డునైనా ఒలుచుకుపోయే మందు అది.
జిడ్డు ఎక్కడుంటే అక్కడికి పోతుందట.
నాలోనూ ఉంది కదా కొవ్వు,
తీరిగ్గా చేరింది.
వారమంతా పీల్చింది ఊపిరిలో మెల్లగా బయటికొస్తుంది,
ఆదివారం నా దిండుకి కొట్టు వాసన.

మంగళ, గురు, శని అరకాకి గారు ఉండరిప్పుడు.
చేతికి సూదులు, పక్కన మిషను.
ఒంట్లో రెండు చాకిరేవులుంటాయి,
పిడికిలంతవి,
జీతం అడక్కుండా రక్తం ఉతుకుతాయి.
ఆయనవి రెండూ చేతులెత్తేశాయి.
ఎందుకో ఎవరూ రాయలేదు.
బీపీ కావచ్చు, వయసు కావచ్చు.
డ్రమ్ము మీది లేబులు చూడ్డానికి మాత్రం
ఎవరూ రాలేదు.
నేను వెళ్తే నవ్వుతాడు:
"చూశావా, చివరికి నాకు తడి ఉతుకే!"

మొన్న బుధవారం ఓ ఊలు కోటు వచ్చింది,
జేబు కింద సిరా.
చీటీ మీద డాక్టరు పేరు.
గుడ్డ ముంచి అద్దాను, మళ్లీ అద్దాను.
కిటికీ తెరిచే ఉంది, ఈ మధ్య నేనే తెరుస్తున్నాను,
చలి పెడుతోందని పక్కమ్మాయి సణుగుతున్నా.

శనివారం వచ్చి అక్కడే తొడుక్కోబోయాడు.
ఆగండి, అన్నాను,
ఒక రాత్రి గాలికి వేలాడదీసి అప్పుడు వేసుకోండి.
ఎందుకన్నాడు.
వాసన చూడమన్నాను.

కోటు ముక్కు దగ్గర పెట్టుకుని
కాసేపు అలాగే నిలబడ్డాడు.
వెనక మిషను తిరుగుతోంది.

ఎంత, అని ఈసారి అడగలేదు.
ఎన్నేళ్లుగా, అన్నాడు.